యాప్రాల్ వంకాయ... సిసిలీ ద్రాక్ష!

సాయంత్రమైతే చాలు... యాప్రాల్ వీధుల్లో టోపీ పెట్టుకుని, వెన్ను నిటారుగా నిలిపి వాకింగ్‌కి వెళ్లే పెద్దవాళ్లు కనిపిస్తారు. సైనిక్‌పురికీ బొల్లారానికీ దగ్గర్లో ఉన్న ఈ ప్రాంతంలో రిటైరైన సైనికుల ఇళ్లు ఎక్కువ మరి!

అలాంటి ఓ ఇంట్లో ఈమధ్య చిన్న చిక్కొచ్చింది. ఇటలీలో ఉద్యోగం చేస్తున్న కొడుకు, నాన్న డెబ్భయ్యో పుట్టినరోజుకని ఓ రెడ్ వైన్ సీసా తెచ్చాడు. సొంతూరు గుంటూరు పక్కనే కావడంతో అమ్మ ఘాటుగా గోంగూర మాంసం వండింది. మొదటి గుక్కకే మాజీ సుబేదారుగారు మొహం చిట్లించారు. 'ఇదేం వగరురా? నోరు మండిపోతోంది!' అన్నారు. కొడుకు మొహం చిన్నబోయింది. సీసాకి బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టేశాడు.

తప్పు గోంగూరది కాదు, వైన్‌దీ కాదు. జోడీ కుదరలేదంతే!

ఆ వైన్ పేరు నెరో దావోలా. నెరో అంటే నలుపు. అవోలా అన్నది ఇటలీకి చెందిన సిసిలీ దీవిలో, ఆగ్నేయ మూలనున్న ఊరు. 1693 భూకంపంలో నేలమట్టమైతే ఆరు కోణాల ఆకారంలో మళ్లీ కట్టుకున్నారు. అక్కడి బాదం పప్పూ, నల్లద్రాక్షా ప్రసిద్ధి. ఎండకి బాగా పండే ఆ ద్రాక్షతో చిక్కని రంగు, మంచి బలం ఉన్న వైన్ వస్తుంది. అయినా చాలాకాలం దానికి గుర్తింపు లేదు. ఉత్తరాది పల్చటి వైన్లకి రంగూ బలమూ ఇవ్వడానికి పీపాలకొద్దీ పంపేసేవారు. సీసా మీద దాని పేరుండేది కాదు! గత శతాబ్దం చివర్లోగానీ సొంత పేరుతో వెలుగులోకి రాలేదు. ఈ ద్రాక్షని ఫ్రప్పాతో అనే మరో రకంతో కలిపి చేసే 'చెరసువోలో ది విత్తోరియా'కి 2005లో ఇటలీ వైన్లలో అత్యున్నత హోదా దక్కింది. సిసిలీకి అదే మొదటిసారి.

మరి గోంగూరతో ఎందుకు కుదరలేదు? రెడ్ వైన్‌లోని వగరు ద్రాక్ష తొక్కల నుంచీ, గింజల నుంచీ వస్తుంది. మిరపకారం తగిలితే ఆ వగరూ, ఆల్కహాల్ మంటా రెండూ ఎక్కువగా తెలుస్తాయి. కూర మరీ పుల్లగా ఉంటే వైన్ చప్పబడిపోతుంది. అదే కొవ్వూ మాంసకృత్తులూ ఉన్న వంటకమైతే వగరు మెత్తబడుతుంది. అందుకే దీనికి నిప్పుల మీద కాల్చిన మాంసం బాగా నప్పుతుంది. మన పత్తర్ కా గోష్త్‌లో కారం తగ్గిస్తే సరి!

సిసిలీవాళ్ల మరో ఇష్టం... వంకాయ. తీపీ పులుపూ కలిపి చేసే కపొనాటా, వేయించిన వంకాయ ముక్కలతో పాస్తా అల్లా నోర్మా అక్కడి ఇంటింటి వంటలు. నిజానికి వంకాయ మన ఆసియా పంటే. 827లో సిసిలీలో అడుగుపెట్టిన అరబ్బుల పాలనలోనే నిమ్మ, చెరకులతోపాటు అదీ ఆ దీవికి చేరింది.

కొడుకు చెప్పిన ఈ మాట అమ్మకి బాగా నచ్చింది. మర్నాడు నువ్వులూ పల్లీలూ కొబ్బరీ దట్టించి, మిరపకాయలు సగానికి తగ్గించి గుత్తివంకాయ చేసింది. ఫ్రిజ్‌లోని సీసాని అరగంట ముందే బయటపెట్టారు. ఈ వైన్ 16 నుంచి 18 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మన వేసవి గదిలో ఉంచితే ఆల్కహాల్ ఘాటే తెలుస్తుంది.

సుబేదారుగారు ఓ ముద్ద తిన్నారు, ఓ గుక్క తాగారు. ఈసారి మొహం చిట్లించలేదు. 'ఇప్పుడు కుదిరిందిరా' అన్నారు. కొడుకు మొహం వెలిగింది.

అలవాటు లేనివాళ్లు వైన్ మొదలుపెట్టాల్సిన పనేం లేదు. ఆ ఇంట్లో అమ్మ కూడా చుక్క ముట్టలేదు. 'వంకాయ మనది, వైన్ వాళ్లది... వియ్యం బాగానే కుదిరింది' అని నవ్వుతూ, వేడి అన్నంలోకి ఇంకో కాయ వేసుకుందంతే!