కొండ కనబడని గది

మాది అత్తిలి. ఎటు చూసినా వరిచేలే. కొండ చూడాలంటే గోడమీది క్యాలెండరే గతి. అమ్మను అరకు తీసుకువెళతానని నాన్నగారు ఏటా అనేవారు. సార్వా కోతలు కాగానే దాళ్వా ఆకుమడులు వచ్చిపడేవి. ఆయన వెళ్లిపోయారు; మాట నాకు మిగిలింది. అమ్మకిప్పుడు 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు.

ఈ డిసెంబరుకి ప్రయాణం ఖాయం చేశాను. నిడదవోలు మీదుగా విశాఖ. మర్నాడు పొద్దున్నే కిరండూల్ రైలు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన దారి అది, 58 సొరంగాలు. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. చలి కాబట్టి శాలువలు సర్దాము. బొర్రా గుహల మెట్లు అమ్మ దిగలేదు, అవి మానుకున్నాము.

ఇక బస. ఒక కుటుంబం నడుపుకునే చిన్న హోటలుకు ఫోను చేశాను. పెద్దవాళ్లతో వెళ్లేవారు అద్దెకంటే ముందు మెట్లు అడగాలి. అదే అడిగాను.

"మేడమీద గదిలోంచి కొండలు బాగా కనబడతాయండీ," అంది ఇంటావిడ. "కాని పద్దెనిమిది మెట్లు. అమ్మగారికి కింద గదే మేలు. కిటికీలోంచి మా పెరటిగోడ తప్ప ఏమీ కనబడదు. పొద్దున్నే అరుగుమీద కుర్చీ వేయిస్తాను. కొండలు చూస్తూ అక్కడే కాఫీ తాగవచ్చు."

ఎక్కువ అద్దె వచ్చే గదిని వద్దన్న ఆ మాటకే బయానా పంపేశాను.

సంగతంతా విని అమ్మ, "కుర్చీలు రెండు వేయించమనరా," అంది.

రెండోది ఎవరికని నేను అడగలేదు.