పళ్ళెంలోని నాణెం, అరచేతిలోని నాణెం

నాణేల సేకరణ ధనవంతుల వినోదమని లోకంలో ఒక అభిప్రాయం ఉన్నది. కుందుర్పి వంటి కరువు సీమ నుండి వచ్చిన మాబోటి వారికి ఈ వ్యసనం ఎట్లా అంటుకున్నదని మిత్రులు పలుమార్లు ప్రశ్నించారు. మా సేకరణలో బంగారం లేదు. వెండి బహు స్వల్పం. పాత పెట్టెల అడుగున, అవ్వల వక్కాకు తిత్తులలో మిగిలిన రాగి, నికెలు బిళ్ళలే మా ఐశ్వర్యం. ఆ కొద్దిపాటి దానిని పళ్ళెంలో పరచుకొని మేము సలిపిన వాదోపవాదాలకు మాత్రం లెక్కలేదు. వివాదం ఒక్కటే: నాణెం మీది బొమ్మ సంప్రదాయాన్ని పాటించవలెనా, కాలానుగుణంగా కొత్తదనం చూపవలెనా?

మాలో పెద్దవారు సంప్రదాయపక్షం. 1950 ఆగస్టు 15న వెలువడిన గణతంత్ర నాణేలను మించినవి లేవని వారి సిద్ధాంతం. రాజు తల స్థానంలో అశోకుని సింహాలు నిలిచాయి. రూపాయిపై గోధుమ కంకులు, అణాపై ఎద్దు, పైసాపై గుర్రం. అంత పొదుపైన శిల్పం మళ్ళీ రాలేదని వారంటారు. మా మెట్ట పొలాలకు గోధుమతో చుట్టరికం లేదు గాని, ఆ మాటలో సత్యమున్నది. (వేరుశనగకాయ బొమ్మ మాత్రం మా పళ్ళెంలోని ఏ నాణెం మీదా లేదు. ఈ లోటు అనంతపురం జిల్లా వారు కాక ఇంకెవరు చెప్పవలెను!)

పిన్నలది నవ్యపక్షం. 1964లో నెహ్రూ స్మారక నాణెం, 1969లో గాంధీ శతజయంతి నాణేలు, 1982లో ఆసియా క్రీడల నాణేలు వచ్చినప్పుడు కలిగిన ఉత్సాహమే నాణెశాస్త్రానికి ప్రాణమని వారి వాదం.

చరిత్రను సాక్ష్యానికి పిలిస్తే అది ఇరుపక్షాలకూ పలికింది. గుత్తి కోట 1776 ప్రాంతంలో హైదరాలీ వశమైంది. ఆయన తన బంగారు వరహాలపై విజయనగర కాలం నుండి జనం ఎరిగిన శివపార్వతుల మూర్తినే ఉంచి, వెనుక తన పేరులోని తొలి అక్షరం 'హే' ఒక్కటి వేయించాడు. ఆ వరహాను మేము చిత్రంలో మాత్రమే చూశాము. అక్షరాన్ని చదివి చెప్పినవాడు ఉర్దూ విభాగపు మిత్రుడు. కుమారుడు టిప్పు సుల్తాను ఇందుకు భిన్నం. గుత్తికి 'ఫైజ్ హిసార్' అని పేరు మార్చి, ఆ పేరుతోనే అక్కడ నాణేలు ముద్రింపించాడు. 1787లో మౌలూదీ శకం ప్రవేశపెట్టి, సంవత్సరపు అంకెలను కుడి నుండి ఎడమకు వ్రాయించాడు. రాగి నాణేలకు జొహరా, బహరాం, అక్తర్ అంటూ శుక్రుని, కుజుని, నక్షత్రాన్ని సూచించే పేర్లు పెట్టాడు. ఇంతటి నవ్యుడు కూడా తన రాగి పైసాలపై ఏనుగును మాత్రం విడువలేదు. అక్షరం రాని రైతుకు శకంతో ఏమి పని? ఏనుగు కనబడితే చాలును.

ఆ ఏనుగే ఒకనాడు ఆంగ్ల ప్రభుత్వాన్ని ఇరకాటంలో పెట్టింది. 1911 నాటి అయిదవ జార్జి రూపాయిపై రాజు ధరించిన హారంలోని ఏనుగు తొండం పొట్టిదై పంది వలె కనబడింది. ముస్లిములు ఆక్షేపించగా, ఆ నాణేలను ఉపసంహరించి, 1912లో తొండం సరిదిద్ది తిరిగి ముద్రించారు. ఆ తప్పు రూపాయిని ఇప్పుడు సేకరణకర్తలు ఎక్కువ వెల పెట్టి కొంటారు! సేకరణకర్త కన్ను వేరు, సామాన్యుని కన్ను వేరు అనడానికి ఇంతకన్న ఏమి కావలెను?

మా పళ్ళెంలో మేము మిక్కిలి ప్రేమించేది వెండి రూపాయి కాదు. 1907 నుండి చలామణి అయిన ఒక అణా. పన్నెండు వంపుల అంచు గల ఆ బిళ్ళను చీకటిలో తడిమినా గుర్తించవచ్చును. దానిపై నాగరి, బెంగాలీ లిపులతో పాటు తెలుగులో 'ఒక అణా' అనీ, ఉర్దూ మిత్రుడు చదువుకునే లిపిలో 'యక్ ఆనా' అనీ ఉన్నది. మన రెండు భాషలు ఒకే బిళ్ళపై ఇరుగుపొరుగున కూర్చున్నాయి. ఆ వంపుల అంచు ఆనాటికి వింతయే గదా! పెద్దలు కొనియాడే 1950 నాణేలపై తెలుగూ లేదు, ఉర్దూ లేదు. ఈ సంగతి ఎత్తినప్పుడు వారు కొంతసేపు మౌనం వహించి, ఎద్దు బొమ్మను మరొకసారి పొగిడారు.

ఇటీవలి నాణేల విషయంలో మా తగవు పళ్ళెం దాటి సంత వరకు వచ్చింది. 2007లో రూపాయిపై బొటనవేలు, రెండు రూపాయలపై రెండు వేళ్ళు చూపే ముద్రలు వచ్చాయి. విలువను వేళ్ళతో చెప్పడం అంగడిలో మన తాతలు ఎరిగిన విద్యయే. కాని 2011లో వచ్చిన రెండు రూపాయల నాణెం సరిగ్గా ఆ బొటనవేలి రూపాయి కొలతలోనే ఉన్నది: 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు, అదే ఉక్కు. అంతకు పూర్వం 1992 నుండి వచ్చిన పదకొండు మూలల రెండు రూపాయలను మా అవ్వలు కొంగుముడిలోనే లెక్కపెట్టేవారు. ఇప్పుడు ముడి విప్పి, ఎండలో పెట్టి, పక్కవారిని అడగవలసి వస్తున్నది. బొమ్మ అందమా కాదా అన్నది వారి సమస్య కానే కాదు.

పది రూపాయల నాణెం కథ మరింత కష్టమైనది. 2009 నుండి అది రూపాలు మార్చుకుంటూనే వచ్చింది: కొన్నింటిపై పదిహేను గీతలు, కొన్నింటిపై పది, కొన్నింటిపై రూపాయి గుర్తు ఉన్నది, కొన్నింటిపై లేదు. ఒక్కొక్కటి చేతికి చిక్కినప్పుడు మా పిన్నలు పండుగ చేసుకున్నారు. మన తెలుగు జిల్లాలలో అనేకచోట్ల అంగడివారు మాత్రం 'ఇది చెల్లదు' అని తోసివేశారు. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు పదునాలుగు రూపాలనూ పేర్కొని, అన్నీ చెల్లునని ప్రకటించవలసి వచ్చింది. మా ఊళ్ళో వేరుశనగ కాయలు వొలిచి కూలి తెచ్చుకున్న ఒక వృద్ధురాలికి అప్పట్లో నాలుగు పది రూపాయల బిళ్ళలు ముట్టాయి. బియ్యానికి పోతే రెండింటిని తిరగగొట్టారు. మేము ఆ రెండూ తీసుకొని నోట్లిచ్చాము. అందులో ఒకటి మా పళ్ళెంలో లేని రూపం. పిన్నలు దానిని పళ్ళెంలో చేర్చుదామన్నారు. పెద్దలు ఒప్పుకోలేదు; మరునాడు దానినే తీసుకొనిపోయి, అదే అంగడిలో అరగంట వాదించి, చక్కెర కొనుక్కొని వచ్చారు. ఆ రూపం నేటికీ మా వద్ద లేదు.