జాడీ జాడీకీ ఒక రుచి

పల్నాడు అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? కోడిపందెం, నాయకురాలు నాగమ్మ, కారంపూడి వీరుల గుడి, మాచర్ల చెన్నకేశవస్వామి. అవన్నీ చూడవలసినవే, కాదనను. కానీ టిక్కెట్టు లేని చూడదగ్గ చోటు ఒకటి మా వైపు ప్రతి పాత ఇంట్లోనూ ఉంది. వంటింటి వెనక చీకటి కొట్టుగది. అందులో నాపబండల మీద, వాసెన కట్టుకుని వరసగా కూర్చున్న జాడీలు! ఏ ఊరు వెళ్ళినా, ఏ ఇంట్లో అడుగుపెట్టినా, వాళ్ళ పాత జాడీ రుచి చూడందే నేను కదలను. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే పిచ్చి నాకు.

ఇదేం పిచ్చమ్మా అంటారేమో. ఇంతకన్నా ముదిరినవాళ్ళు లోకంలో ఉన్నారండీ. మా ఆడపడుచు కొడుకు గ్లాస్గో నుంచి వస్తూ వాళ్ళ నాన్నకని ఓ విస్కీ సీసా తెచ్చాడు. నేను ముట్టుకోలేదు లెండి! 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డ గడ్డ మనది. సీసా చూస్తే నాకు ఇప్పటికీ కడుపుమంటే. కానీ దాని మీది చీటీ చదివి మాత్రం ముక్కున వేలేసుకున్నాను. ఏ సంవత్సరం కాచారో, ఏ సంవత్సరం సీసాలో పోశారో, అది ఎన్నో నంబరు పీపాయో, ఆ పీపాయి నుంచి మొత్తం ఎన్ని సీసాలొచ్చాయో, అన్నీ అచ్చువేశారు!

మామూలు విస్కీకి చాలా పీపాయిలు కలిపి ఏటా ఒకే రుచి వచ్చేట్టు చూస్తారట. 'సింగిల్ కాస్క్' అన్నది అలాక్కాదు, ఒక్క పీపాయిదే, పక్కది ఒక్క చుక్క కలపరు. ఒకేరోజు నింపి పక్కపక్కన పెట్టిన రెండు పీపాయిలు కూడా పదేళ్ళకి రెండు రుచులవుతాయట. ఓక్ చెక్క పీపాయిలో మూడేళ్ళయినా ఉండందే స్కాచ్ అని పేరు పెట్టకూడదని అక్కడి చట్టం. ఏటా నూటికి రెండు వంతుల దాకా ఆవిరైపోతుంది, దాన్ని దేవదూతల వాటా అంటారు. మన ఇళ్ళలో ఆ వాటా స్కూలు నుంచి వచ్చిన పిల్లలది!

అదంతా వింటుంటే నాకు మా కొరివికారం కళ్ళముందు కనపడింది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. సంక్రాంతి దాటాక పచ్చి మీదున్న పండుమిరప వస్తుంది. కడిగి, నీడన తడి లేకుండా ఆరబెట్టి, తొడిమలు తీసి, కిలో కాయకి పావుకిలో చింతపండు, పావుకిలోకి కాస్త తక్కువగా కల్లుప్పు, చిటికెడు పసుపు వేసి రోట్లో కచ్చాపచ్చాగా తొక్కుతాం. జాడీలో అదిమి వాసెన కట్టి, మూడోనాడు తీసి మళ్ళీ మెత్తగా నూరి జాడీకెత్తుతాం. కావలసినప్పుడు గరిటెడు తీసుకుని, వెల్లుల్లి, మెంతిపిండి కలిపి పోపు వేసుకోవడమే. జొన్నరొట్టె మీద ఇంత వెన్న, పక్కన ఈ కారం ఉంటే ఇంకేం అక్కర్లేదు. శ్రీనాథుడంతటివాడు మా పల్నాటి జొన్నకూడును వెక్కిరించాడు. పాపం ఆయనకు ఈ కారం ఎవరూ వడ్డించలేదేమో!

నా పచ్చళ్ళ యాత్ర నరసరావుపేటలో మొదలు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడ్డాక మాకు జిల్లా కేంద్రం ఇదే. ఇక్కడి ఇళ్ళలో ఇప్పుడు ఎక్కువగా ఫ్రిజ్జులో ప్లాస్టిక్ డబ్బాలే. రంగు బాగానే నిలుస్తుంది, రుచి మాత్రం ముదరదు. బస్సెక్కి పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు దాటి ముందుకి పోయిన కొద్దీ జాడీలు కనిపిస్తాయి.

రెంటచింతలలో దిగండి, ఎండాకాలంలో మాత్రం వద్దు. మన రాష్ట్రంలో ఎండకు పేరుమోసిన ఊరది. అక్కడ జాడీలు గోడకి తగలకుండా గది మధ్యలో పెట్టారు. గోడలే సెగలు కక్కుతాయిగా. ఏడాది కారమే మా ఇంటి రెండేళ్ళ కారంలా ముదిరిపోయింది. బెంగళూరులో మాల్ట్ విస్కీ కాచే అమృత్ వాళ్ళదీ ఇదే కథట. అక్కడి వేడికి ఏటా నూటికి పది వంతుల దాకా ఆవిరైపోతుందట. అందుకే నాలుగైదేళ్ళకే చలిదేశపు పన్నెండేళ్ళ సరుకంత ముదురుతుందంటారు. ఆ సరుకునే 2004లో గ్లాస్గో తీసుకెళ్ళి అమ్మారు. వేడి మనకి శాపమని ఊరికే అనుకుంటాం!

మాచర్లలో చెన్నకేశవస్వామి దర్శనం చేసుకుని ఒక చుట్టాలింటికి వెళ్ళాను. ఒక్క ఇంటి రాజ్యం గురజాల, మాచర్ల అని రెండుగా చీలిన కథ మీకు తెలిసిందే కదా. ఈ ఇంట్లోనూ అన్నదమ్ములు ముగ్గురూ వేరుపడ్డారు. ఆస్తులతో పాటు ఆ ఏటి కారమూ మూడు జాడీలకెత్తి పంచారు. ఒకే చేను కాయ, ఒకే రోలు, ఒకే చెయ్యి. ఏడాది తిరిగాక ముగ్గురి ఇళ్ళలోనూ తిన్నాను. పెద్దామెది పులుపు తేలింది. నడిపి ఆమెది ఉప్పదనం. చిన్నామె జాడీ నిండుగా అదిమి, రోజూ మూత తియ్యకుండా వారానికి సరిపడా ఒకేసారి తీసుకుంటుందట. దానిది మాత్రం అద్భుతం. చెక్క పీపాయి తన రుచిని సరుక్కి ఇస్తుంది. మన పింగాణీ జాడీ ఏమీ ఇవ్వదు. తేడా అంతా వాడే చేతిది, పెట్టిన చోటుదీ.

తిరుగుదారిలో గురజాలలో నా చిన్ననాటి స్నేహితురాలి ఇంట్లో ఆగాను. వాళ్ళ అత్తగారు 2021 మాఘంలో పెట్టిన కారం ఒక చిన్న జాడీలో ఉంది. ఆ మే నెలలోనే ఆవిడ కరోనాతో పోయారు. అప్పటినుంచీ సంక్రాంతి నాడు మాత్రం తీసి, ఇంటిల్లిపాదికీ తలో వేలెడు వేస్తారు.

నాకూ వేసింది. ఎరుపు పోయి ఇంచుమించు వక్కపొడి రంగుకి వచ్చింది. నాలిక మీద ముందు పులుపు, దాని వెనక ఉప్పు. కారం ఏదబ్బా అనుకునేలోగా గొంతులో మెల్లగా అంటుకుంది. అంటుకుని చాలాసేపు ఉంది. ఇన్నేళ్ళలో ఇలాంటిది తినలేదండీ.

"నేనూ ఏటా అదే రోట్లో తొక్కుతున్నానే, ఇది రావట్లేదు" అంది స్నేహితురాలు. అత్తగారి ఉప్పు కొలత చారెడు, ఆవిడ చేతికి చారెడు. కిలోకి ఎంతని ఎవరూ అడగలేదు, ఎవరూ రాసుకోలేదు. ఎక్కడో పీపాయికి నంబరుంది, ఏడుంది. ఈ జాడీకి చిన్న కాగితం ముక్క కూడా లేదే అని నాకు చాలా బాధేసింది.

అడుగున ఇక రెండు గరిటెలుంది. తినేస్తే ఆవిడ చేతి రుచి మళ్ళీ రాదు, దాచుకుందామా అని అడిగింది. స్కాట్లండులో పోర్ట్ ఎలెన్ అనే విస్కీ బట్టీ 1983లో మూతపడితే, అప్పట్లో కాచిన సరుకుని జనం బంగారంలా దాచుకున్నారట. 2024లో మళ్ళీ తెరిచినా ఆ పాతదాని విలువ దానిదే. కానీ సీసాలో పడ్డాక విస్కీకి వయసు ఆగిపోతుంది. జాడీలో కారానికి ఆగదు. ఇంకో రెండేళ్ళు దాచితే నల్లబడి ఉప్పుముద్ద మిగులుతుంది, అది ఆవిడ రుచీ కాదు. తినెయ్యమనే చెప్పాను. పిల్లలకి నాలుగు ముద్దలెక్కువే పెట్టమన్నాను.

మొన్న ఫోన్ చేసింది. జాడీ ఖాళీ అయిందట. కడగబుద్ధి కావట్లేదే అంది. కడిగి ఎండలో పెట్టు, ఈసారి కాయ తూచి, ఉప్పు తూచి, తారీఖుతో సహా కాగితం మీద రాసి మూతకి అంటించు అన్నాను. చిన్న కోడలి చేత తొక్కిస్తానంది.