చక్రాల ఇల్లు... నాలుగు సైకిళ్లు

కారు వెనక ఇల్లు కట్టుకుని ఊళ్లు తిరగడం బ్రిటన్‌ కుటుంబాలకు సరదా. ఆ ఇంటి వెనక సైకిళ్లు పెట్టుకునేందుకు సొంతంగా ఓ స్టాండు చేసుకోవడం ఇంకా సరదా. అయితే ఆ స్టాండును ఎక్కడ బిగించాలన్న సంగతి మన ఎద్దుబండి తోలే రైతును అడిగితే ఇట్టే చెప్పేస్తాడు!

జులై చివరి వారం. ఇంగ్లండ్‌లో బడులకు వేసవి సెలవులిచ్చే రోజులు. మోటర్‌వే మీద ఎటు చూసినా కార్లే. వాటిలో కొన్నిటి వెనక కొక్కేనికి తగిలించిన తెల్లటి పెట్టెల్లాంటి బుల్లి ఇళ్లు. అవే కారవాన్లు. లోపల మంచాలు, గ్యాస్‌ పొయ్యి, ఫ్రిజ్‌, చిన్న స్నానాల గది... అన్నీ ఉంటాయి. ఇంజిన్‌ మాత్రం ఉండదు. కారు లాగితేనే కదులుతుంది.

హోటల్‌ గది వెతుక్కోనక్కర్లేదు. నచ్చినప్పుడు వండుకోవచ్చు. పిల్లలు రోజూ తమ పక్క మీదే నిద్రపోతారు. ఇంతకన్నా సుఖం ఏముంటుంది? కానీ ఇందులో ఓ చిక్కుంది. పచ్చికలో ఓ మూల కారవాన్‌ నిలిపి కొక్కెం విప్పేశాక ఆ ఇల్లు ఇక కదలదు. పాలు కావాలన్నా, రొట్టె కావాలన్నా ఊళ్లోకి వెళ్లాలి. ఎదురుగా మరో బండి వస్తే తప్పుకోవడానికి చోటుండని పల్లె దారుల్లో ప్రతిసారీ కారు తీయాలంటే విసుగే. అందుకే చాలా కుటుంబాలు సైకిళ్లనూ వెంట తీసుకెళ్తాయి. మరి వాటిని పెట్టేదెక్కడ? కారవాన్‌ వెనక గోడ ఖాళీగా కనిపిస్తూనే ఉంటుంది కదా!

పాత చుట్టరికమే

కారవాన్‌కీ సైకిల్‌కీ చుట్టరికం ఈనాటిది కాదు. కేవలం విహారం కోసం చేయించుకున్న తొలి కారవాన్‌గా పేరుపొందిన 'వాండరర్‌' 1885లో రోడ్డెక్కింది. దాని యజమాని గోర్డన్‌ స్టేబుల్స్‌. నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసి, తర్వాత పిల్లల కథలు రాసిన మనిషి. బ్రిస్టల్‌ వాగన్‌ వర్క్స్‌లో తయారైన ఆ బండి బరువు దాదాపు 2 టన్నులు. లాగడానికి రెండు గుర్రాలు. అంత పెద్ద బండి వస్తోందంటే ఎదురొచ్చేవాళ్లు తప్పుకోవాలిగా! అందుకని ఆయన సేవకుడు మూడు చక్రాల సైకిలు తొక్కుతూ ముందు వెళ్లి అందర్నీ హెచ్చరించేవాడు. అలా ఇంగ్లండ్‌లోని ట్వైఫర్డ్‌ నుంచి స్కాట్లండ్‌లోని ఇన్వర్నెస్‌ దాకా సాగింది ఆ యాత్ర.

ఇంకో ముచ్చట. లండన్‌లో దర్జీగా పనిచేసిన థామస్‌ హిరామ్‌ హోల్డింగ్‌కు సైకిల్‌ మీద గుడారం కట్టుకుని తిరగడమంటే ప్రాణం. ఆయన చొరవతో 1901లో సైకిల్‌ క్యాంపర్ల సంఘం ఏర్పడింది. ఇప్పుడు బ్రిటన్‌లో కారవాన్ల వాళ్లంతా చెప్పుకునే 'క్యాంపింగ్‌ అండ్‌ కారవానింగ్‌ క్లబ్‌'కి మూలం అదే. అంటే సైకిల్‌ ముందు, కారవాన్‌ తర్వాత!

షెడ్డులో ఇంజినీరు

సైకిళ్ల స్టాండ్లు దుకాణాల్లో దొరక్క కాదు. కానీ పెరట్లో చెక్క షెడ్డు, అందులో డ్రిల్లు, రంపం ఉన్న ఇంటాయనకు కొనడానికి మనసొప్పదు. 'ఈమాత్రం దానికి అంత డబ్బా? నేనే చేస్తా' అంటాడు. అలాంటి ఇంటాయన ఒకర్ని ఊహించుకుందాం. భార్య, ఇద్దరు పిల్లలు. పెద్దవాళ్ల సైకిళ్లు ఒక్కోటి 15 కిలోలు, పిల్లలవి 10 కిలోలు. వెరసి 50. కారవాన్‌ సామానుతో కలిపి 1200 కిలోలు.

చదరపు ఇనుప గొట్టాలు కోసి చట్రం బిగిస్తాడు. చక్రాలు కూర్చోవడానికి అల్యూమినియం కాలవలు అమరుస్తాడు. హ్యాండిళ్లు ఒకదానికొకటి తగలకుండా ఒక సైకిల్‌ను ఇటు, పక్కదాన్ని అటు తిప్పి నిలబెడతాడు. రంగు గీసుకుపోకుండా గొట్టాలకు మెత్తటి నురుగు తొడుగు. ఊడిపోకుండా పట్టీలు. తుప్పు పట్టకుండా రెండు పూతల రంగు. స్టాండు బరువు 10 కిలోలు తేలింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

ఇక బిగించాలి. ఇక్కడే మొదటి అనుమానం. కారవాన్‌ గోడ బయటికి గట్టిగా కనిపిస్తుందిగానీ చాలావాటిలో అది పల్చటి అల్యూమినియం రేకు, మధ్యలో థర్మోకోల్‌ లాంటి నురుగు పలక, లోపల సన్నటి ప్లైవుడ్‌. అక్కడక్కడా మాత్రమే చెక్క దూలాలు. దూలం లేనిచోట స్క్రూ బిగిస్తే గతుకుల రోడ్డు మీద ఊగి ఊగి గోడ చీల్చుకుని వచ్చేస్తుంది. చుట్టూ మాస్టిక్‌ సరిగా పట్టించకపోతే ఆ రంధ్రంలోంచి వాన నీరు లోపలికి దిగుతుంది. పైకేమీ కనిపించదు. లోపల చెక్క నానుతూ, కుళ్లుతూ ఉంటుంది. పోనీ కింద చట్రానికి బిగిద్దామా అంటే, దానికి రంధ్రాలు వేయొద్దని తయారీదారులే చెబుతారు.

రెండో అనుమానం చట్టానిది. కారవాన్‌ వెనక లైట్లూ, లాగే కారు నంబరు ప్లేటూ కనపడి తీరాలి. సైకిళ్లు అడ్డమొస్తే వాటి వెనక మళ్లీ లైట్ల బోర్డు కట్టాల్సిందే.

ఎద్దుబండి పాఠం

ఈ రెండూ దాటినా అసలు ప్రశ్న మిగిలే ఉంది. దానికి జవాబు మన పల్లెల్లో ఎద్దుబండి కట్టిన ప్రతివాళ్లకీ తెలుసు. బస్తాలన్నీ వెనక్కి వేస్తే ఏమవుతుంది? నొగ పైకి లేస్తుంది, కాడి తేలిపోతుంది. అన్నీ ముందుకి వేస్తే ఎద్దుల మెడలు విరుగుతాయి. అందుకే బరువంతా ఇరుసు మీద ఉండేలా సర్ది, కాడి మీద కాస్త బరువు ఆనేలా చూసుకుంటారు.

చాలా కారవాన్లకూ ఒకే ఇరుసు, రెండు చక్రాలు. ఎద్దుల మెడ స్థానంలో కారు కొక్కెం. దాని మీద ఆనే బరువును అక్కడ 'నోస్‌ వెయిట్‌' అంటారు. కారవాన్‌ మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలన్నది సాధారణంగా చెప్పే లెక్క. మన ఇంటాయన కారవాన్‌కి అది 72 కిలోలు. అంటే 6 శాతం. చక్కగా సరిపోయింది.

దీన్ని కొలవడానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. ఇంట్లో మనం బరువు చూసుకునే మిషన్‌ చాలు. కారవాన్‌ను సమంగా నిలిపి, చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, మిషన్‌ మీద ఓ కర్ర నిలబెట్టి, కొక్కేన్ని దాని మీద ఆనించాలి. ఇంటాయన స్క్రూలు బిగించే ముందు స్టాండునూ సైకిళ్లనూ తాళ్లతో వెనక్కి కట్టి ఇలాగే చూశాడనుకోండి. ముల్లు ఎక్కడ ఆగుతుంది? ఇరుసు నుంచి స్టాండు 3 మీటర్ల వెనక ఉంది. కొక్కెం 4 మీటర్ల ముందు ఉంది. వెనక 60 కిలోలు పెడితే ముందు 45 కిలోలు తేలిపోతుంది. 72 కాస్తా 27 అవుతుంది. పిల్లలాడుకునే తూగుబల్ల లెక్కే!

కావడి ఊగితే...

'దానికేముంది, ముందు గ్యాస్‌ సిలిండరో, నీళ్ల డబ్బాలో పెడితే సరి' అనిపిస్తుంది. ముల్లు సరిపోతుంది. ప్రమాదం మాత్రం పోదు. కావడి మోసేవాళ్లను చూడండి. రెండు కొసల్లో నిండు బిందెలు వేలాడుతుంటే, ఒక్కసారి ఊగడం మొదలయ్యాక ఆపడం కష్టం. అదే రెండు బిందెల్నీ ఒంటికి ఆనించి పట్టుకుంటే అంత ఊపు రాదు. కారవాన్‌ కూడా అంతే. రెండు కొసల్లో బరువు పెరిగేకొద్దీ ఊగిసలాట ఆగడానికి ఎక్కువసేపు పడుతుంది. బాత్‌ విశ్వవిద్యాలయం పరిశోధకులు బరువుల్ని అటూ ఇటూ మార్చగలిగే ట్రైలర్‌తో చేసిన పరీక్షలూ ఇదే చెప్పాయి. ఆ ఫలితాలు 2009లో వెలువడ్డాయి.

బ్రిటన్‌ మోటర్‌వేల మీద కారవాన్‌ లాగే కారు గంటకు 60 మైళ్లు, అంటే సుమారు 96 కిలోమీటర్లు మించకూడదు. ఆ వేగంలో పక్క నుంచి ఓ పెద్ద లారీ దూసుకెళ్తే గాలి తోపుకి కారవాన్‌ ఓసారి పక్కకి జరుగుతుంది. బరువు సరిగ్గా ఉంటే వెంటనే సర్దుకుంటుంది. లేకపోతే పాములా మెలికలు తిరగడం మొదలెడుతుంది. అప్పుడు గట్టిగా బ్రేకు వేయకూడదు, స్టీరింగ్‌తో కుస్తీ పట్టకూడదు. యాక్సిలరేటర్‌ మీంచి కాలు తీసి, స్టీరింగ్‌ను నిలకడగా పట్టుకుని, వేగం దానంతటదే తగ్గనివ్వాలి. వెనక సీట్లో పిల్లలున్నప్పుడు అంత నిబ్బరం ఎందరికుంటుంది? ఆ పరిస్థితే రాకుండా చూసుకోవడం మేలు.

వెనక గోడకు సైకిళ్లు అసలు పెట్టనే కూడదని కాదు. తయారీదారే గోడను పటిష్ఠం చేసి, ఇంత బరువు పెట్టొచ్చని రాసిస్తే పెట్టుకోవచ్చు. అప్పుడైనా ముల్లు చూడకుండా కదలకూడదు. అలాంటి హామీ లేని గోడకు మాత్రం ఎంత ముచ్చటైన స్టాండైనా దూరంగా ఉండాల్సిందే.

మరి మన ఇంటాయన ఏం చేయాలి? దారులున్నాయి. పెద్దవాళ్ల సైకిళ్లు రెండూ కారు పైకప్పు మీదికి ఎక్కించొచ్చు. ఆ కారు పుస్తకంలో రాసిన బరువు దాటకపోతే చాలు. పిల్లల సైకిళ్లు కారవాన్‌లో సరిగ్గా ఇరుసు పైన, నేల మీద. వాటి కోసం మళ్లీ షెడ్డులోకి వెళ్లి చక్రాలు పట్టేలా గాడులు తీసిన చెక్క పీట ఒకటి చేసుకోవాలి. బ్రేకు వేస్తే కదలకుండా పట్టీలతో బిగించాలి. కారవాన్‌కి అనుమతించిన గరిష్ఠ బరువు దాటకుండా చూసుకోవాలి. ఇప్పుడు మిషన్‌ ముల్లు మళ్లీ 72 దగ్గరే. ఇనుప స్టాండంటారా? షెడ్డు గోడకు బిగిస్తే ఏడాదంతా సైకిళ్లు తగిలించుకోవచ్చు.

రైలు పోయిన దారి

ఇంత తిప్పలూ దేనికంటే... డెర్బీషైర్‌లోని పీక్‌ డిస్ట్రిక్ట్‌ లాంటి చోట్ల సైకిల్‌ తొక్కడానికే. 1951లో ఏర్పడిన ఈ ప్రాంతం బ్రిటన్‌లో మొట్టమొదటి జాతీయ పార్కు. యాష్‌బోర్న్‌ దగ్గర కారవాన్‌ నిలిపితే టిస్సింగ్టన్‌ ట్రెయిల్‌ పక్కనే. ఒకప్పుడు అది రైలు మార్గం. 1899లో వేశారు. రైళ్లు ఆగిపోయాక పట్టాలు తీసేసి, 1971లో నడిచేవాళ్లకీ సైకిళ్లకీ తెరిచారు. పార్స్‌లీ హే దాకా 13 మైళ్లు, అంటే 21 కిలోమీటర్లు. రైలు కోసం వేసిన దారి కదా, నిటారు ఎక్కుళ్లుండవు. పిల్లలు కూడా ఆయాసపడకుండా తొక్కేస్తారు. పోనుపోను కాస్త ఎత్తు పెరుగుతుంది. తిరిగొచ్చేప్పుడు ఆ శ్రమంతా వసూలైపోతుంది!

కార్లూ హారన్లూ ఉండవు. రెండు పక్కలా పచ్చిక బయళ్లు, సున్నపురాళ్లు పేర్చి కట్టిన గోడలు, మేస్తున్న గొర్రెలు. హార్టింగ్టన్‌ దగ్గర పాత సిగ్నల్‌ క్యాబిన్‌ ఇప్పటికీ నిలబడి ఉంది. దారిలో ఆగి టిస్సింగ్టన్‌ ఊరు చూడొచ్చు. ఈస్టర్‌ తర్వాత నలభై రోజులకు అక్కడ బావుల్ని అలంకరించే పండగ చేస్తారు. తడి బంకమట్టి పరిచిన పలకల మీద పూరేకులు అద్ది బొమ్మలు తీర్చి, వాటిని బావుల దగ్గర నిలబెడతారు. నీటికి పూలతో మొక్కే ఆ వేడుక చూస్తే తెలుగువాళ్లకు బతుకమ్మ గుర్తుకు రాకుండా ఉంటుందా!

సాయంత్రానికి నాలుగు సైకిళ్లూ కారవాన్‌ పక్కన గడ్డి మీద వాలతాయి. లోపల పొయ్యి మీద టీ మరుగుతుంది. పిల్లలు మాత్రం లోపలికి రారు. చీకటి పడేలోగా ఇంకొక్క రౌండు వేసి రావాలట!