అమ్మీ మసాలా డబ్బా

మా ఇంట్లో ఎవరికి కడుపునొప్పి వచ్చినా ముందు తెరుచుకునేది బావర్చీఖానాలోని మసాలా డబ్బా. పక్కింటివాళ్ళు దాన్ని పోపులపెట్టె అంటారు. గుండ్రటి స్టీలు డబ్బా, లోపల ఏడు గిన్నెలు. నానీమా నుంచి అమ్మీకి వచ్చింది.

అయితే డబ్బా మూత తీసేముందు అమ్మీ మూడు సవాళ్ళు అడిగేది. "కాఁ దుఖ్ రా? కబ్ సే? పైలే బీ హువా థా క్యా?" ఎక్కడ, ఎప్పటినుంచి, ఇంతకుముందు కూడా వచ్చిందా. జవాబు విని, పొట్ట నొక్కి చూసి, అప్పుడు ఇలాజ్.

దావత్‌లో బగారా అన్నం, దాల్చా మీద పడి తిని కడుపు బిగుసుకుంటే అర చెంచా అజ్వాయిన్, అదే మన వాము, చిటికెడు కాలా నమక్‌తో కలిపి అరచేతిలో నలిపి ఇచ్చేది. నలపకపోతే అసర్ ఉండదనేది. ఆ ఘాటు వాములోని థైమాల్‌దని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. పసిపిల్లలు కాళ్ళు ముడుచుకుని ఏడిస్తే ఇంగువ నీళ్ళలో రంగరించి బొడ్డు చుట్టూ రాసేది. లోపలికి చుక్క కూడా పట్టేది కాదు. పెద్దవాళ్ళకు అజీర్తి అయితే జీలకర్ర దోరగా వేయించి, నీళ్ళలో మరిగించి గోరువెచ్చగా ఇచ్చేది. నాకు నెలసరి నొప్పులొస్తే అంగుళం అల్లం దంచి, గ్లాసెడు నీళ్ళు సగమయ్యేదాకా కాచి, బెల్లం కలిపేది. రంజాన్ నెలలోనైతే అబ్బా, భాయిజాన్ల కంటపడకుండా కొంగు చాటున తెచ్చి ఇచ్చేది. అది తాగి, వేడినీళ్ళ సీసా పొట్టమీద పెట్టుకుని పడుకునేదాన్ని. నొప్పి మెల్లగా దిగేది.

ఇన్ని నుస్ఖాలు తెలిసిన అమ్మీకే నొప్పి మొదలైంది. కుడివైపు, పక్కటెముకల కింద. కుర్మా తిన్న రాత్రో, పూరీలు తిన్న రాత్రో వచ్చేది. ఒక్కోసారి కుడి భుజందాకా పాకేది. ఇంట్లో అందరూ పడుకున్నాక చీకట్లో లేచి వాము నమిలేది. నేను హైదరాబాద్ నుంచి ఫోన్ చేస్తే "గ్యాస్ హై బేటా, కుఛ్ నై" అనేది.

"అజ్వాయిన్ తిన్నావా అమ్మీ?"

"తిన్నా."

అంతే. ఖైరియత్ అడిగేశానన్న తసల్లీతో ఫోన్ పెట్టేసేదాన్ని. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే రంజాన్ అయిపోనీ అనేది. తర్వాత తమ్ముడి షాదీ కానీ అంది. ఆ తర్వాత కోడలి కాన్పు. అలా రెండేళ్ళు గడిచాయి.

పోయిన బక్రీద్ నాటి రాత్రి మెహమాన్లందరూ వెళ్ళాక వచ్చిన నొప్పి తెల్లారినా తగ్గలేదు. వాంతులు, చలిజ్వరం. పొద్దుటి వెలుతురులో చూస్తే కళ్ళు పచ్చగా ఉన్నాయి. ఆసుపత్రిలో స్కాన్ తీశారు. పిత్తాశయంలో రాళ్ళు, ఒకటి జారి పైత్యనాళంలో ఇరుక్కుంది. "ఎన్నాళ్ళ నుంచి?" అని డాక్టరమ్మ అడిగితే అమ్మీ అప్పుడు కూడా "గ్యాస్ మేడమ్" అనే అంది. నేను గోడవైపు తిరిగాను. నోటిగుండా గొట్టం వేసి ఆ రాయి తీశారు, తర్వాత పిత్తాశయం ఆపరేషన్ చేశారు. అల్‌హమ్దులిల్లాహ్, ఇప్పుడు బాగుంది.

ఇందులో వాము కసూర్ ఏమీ లేదు. తిండి ఎక్కువై పట్టేసిన కడుపుకు నేను ఇప్పటికీ అదే తింటాను. కానీ నూనె, నెయ్యి తిన్నప్పుడల్లా కుడి డొక్కలో వచ్చే నొప్పి గ్యాస్ కాకపోవచ్చు. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగే నొప్పికీ, జ్వరంతోనో ఆగని వాంతులతోనో వచ్చే నొప్పికీ, గంటలు గడిచినా వదలని నొప్పికీ డబ్బా మూసేసి ఆటో పిలవాల్సిందే. ఇదంతా అమ్మీకి తెలియదా? తెలుసు. మాకు నొప్పి వచ్చినప్పుడు అందుకే కదా ముందు మూడు సవాళ్ళు అడిగేది. ఆమెకు వచ్చినప్పుడు అడిగినవాళ్ళే లేరు. నేను అడిగింది వాము తిన్నావా అని మాత్రమే.

ఇప్పుడు ఫోన్ చేస్తే ఆమె సవాళ్ళే ఆమెకు వేస్తున్నాను. ఎక్కడ, ఎప్పటినుంచి, ముందు కూడా వచ్చిందా. మొదట్లో "తూ డాక్టర్ హై క్యా?" అని కసురుకునేది. మొన్న జుమ్మా రోజు నేను అడగకముందే చెప్పింది. "రాత్రి కాస్త దర్ద్ వచ్చింది బేటా. ఎడమవైపు, పది నిమిషాలు. శనగపప్పు ఎక్కువ తిన్నా. అజ్వాయిన్ నమిలితే పోయింది."

తన నొప్పి గురించి అమ్మీ అంత పొడుగు మాట చెప్పడం నేను వినడం అదే మొదటిసారి.