రాత్రికి రాత్రే పరిచే మంచుబాట

హాంకాక్, మిషిగన్
ఫిబ్రవరి, ఆదివారం రాత్రి

బావా,

కోడలూ మనవరాలూ క్షేమం. మీ చెల్లెలు కోడలి బాలింత పథ్యంలో మునిగి ఉంది, అందుకని ఉత్తరం నా వంతుకి వచ్చింది. తేజ మిర్చి కోత ఎందాకా వచ్చిందో, కూలీలు దొరికారో లేదో రాయి. మొన్న ఫోన్లో అడిగావుగా, అక్కడ మంచు తప్ప చూడ్డానికి ఏముందని. నిజమే, మంచే ఉంది. కానీ ఆ మంచుతో వీళ్లు చేసే పని ఒకటి చూశాక నువ్వే గుర్తొచ్చావు.

ముందు ఊరి సంగతి. అమెరికా పటంలో పై అంచున సుపీరియర్ అనే మంచినీళ్ల సరస్సు ఉంటుంది. మన ఊరి చెరువులా ఊహించుకోకు, ఆంధ్రప్రదేశ్‌లో సగం పడుతుంది అందులో. దాని దక్షిణపు ఒడ్డు నుంచి నీళ్లలోకి పొడుచుకొచ్చిన నేల పేరు కీవెనా. కెనడా వైపు నుంచి వచ్చే ఎండుగాలి ఆ నీళ్ల మీద తడి తాగి, ఒడ్డెక్కగానే మంచుగా దించేస్తుంది. చలికాలం మొత్తం మీద ఐదు మీటర్లు పడటం ఇక్కడ మామూలు. 1978-79లో డెలవేర్ అనే చోట పడిందంతా కలిపితే 390.4 అంగుళాలు, అంటే ముప్పై రెండున్నర అడుగులు. ఆ లెక్క జనం మర్చిపోకుండా రోడ్డు పక్కన నిలువెత్తు కొలబద్ద పాతారు. దాని పక్కన మూడంతస్తుల డాబా నిలబెట్టినా పెద్ద తేడా ఉండదు. లంబసింగిలో గడ్డి మీద తెల్లగా కనిపిస్తే బస్సులు కట్టుకుని పోయే మనకి ఇది ఎక్కువే.

ఒకప్పుడు ఇక్కడి జనం రాగి తవ్వుకుని బతికారు. 1960ల చివరికి పెద్ద గనులు మూతపడ్డాయి, ఖనిజం మోసిన రైలు పట్టాలు పీకేశారు. ఆ కట్టల మీద ఇప్పుడు మంచుబండ్లు తిరుగుతాయి. పక్కనున్న హోటన్ నుంచి మాస్ సిటీ దాకా బిల్ నికల్స్ బాట ఉంది, 41 మైళ్లు. అది కాపర్ రేంజ్ రైలు కంపెనీ వేసిన కట్టే. దారిలో ఫైర్‌స్టీల్ నది మీద పాత రైలు వంతెనలు మూడు, ఆకాశంలో పోతున్నట్టే ఉంటుందట. హాంకాక్‌కీ హోటన్‌కీ మధ్య నీటిపాయ మీద 1959లో కట్టిన రెండంతస్తుల వంతెన ఉంది. ఓడలు వస్తే దాని నడుం భాగం లిఫ్టులా పైకి లేస్తుంది. కింది అంతస్తు ఒకప్పుడు రైలుది. చలికాలంలో ఇప్పుడు పైన కార్లు, కింద మంచుబండ్లు.

మంచుబండి అంటే స్నోమొబైల్. ముందు రెండు స్కీలు, వెనక తిరిగే రబ్బరు పట్టా, పైన మోటారు సైకిలు సీటు. బరువు రెండున్నర క్వింటాళ్లకి అటూ ఇటూ. పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో సేనర్ అనే పల్లెలో కార్ల్ ఎలియాసన్ అనే ఆయన 1924లో ఇలాంటి బండి ఒకటి చేశాడు. కాలు సరిగా లేక స్నేహితులతో సమంగా మంచులో నడవలేకపోయేవాడట, ఆ కసితో. 1959లో కెనడా వాడు బొంబార్డియర్ స్కీ-డూని అమ్మకానికి తెచ్చాక ఇది సరదా బండి అయిపోయింది. మన గుల్మార్గ్‌లో యాత్రికుల్ని ఎక్కించుకుని తిప్పేవి వీటి తమ్ముళ్లే.

గుంటూరు మిర్చి యార్డుకి శని, ఆదివారాలు సెలవు గదా, ఇక్కడ ఆ రెండు రోజులే తిరునాళ్ల. శుక్రవారం చీకటి పడేసరికి దక్షిణాన ఉన్న నగరాల నుంచి ట్రైలర్ల మీద బండ్లు ఎక్కించుకుని బారులు తీరతారు. లాడ్జీలు నిండిపోతాయి, పెట్రోలు బంకు దగ్గర కార్ల కంటే మంచుబండ్ల వరసే పొడుగు. శనివారం పొద్దున బాట అద్దంలా ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి వెళ్లి చూస్తే మోకాలి లోతు గతుకులు. ఒకడు మలుపు దగ్గర బ్రేకు వేస్తాడు, దాటాక గ్యాసు నొక్కుతాడు. పట్టా అక్కడి మంచుని గోకి వెనక్కి విసురుతుంది. ఆ చిన్న గుంటలో రెండో బండి ఎగిరి, దిగిన చోట ఇంకో గుంట చేస్తుంది. వందో బండి వచ్చేసరికి బాటంతా గుంటా గట్టూ, గుంటా గట్టూ. కొందరు జారకుండా ఉండాలని పట్టాలకి ఇనప మొలలు కొట్టించుకుంటారు, వాటితో నాశనం ఇంకా తొందర.

ఇప్పుడు అసలు సంగతి. మా అబ్బాయి ఇంటి వెనకే ఒక బాట పోతుంది. నిన్న రాత్రి బాగా పొద్దుపోయాక దూరంగా పసుపు దీపం గిరగిరా తిరుగుతూ కనిపించింది. కోటు మీద కోటు వేసుకుని వెళ్లి నిలబడ్డాను. వచ్చింది ఏమిటనుకున్నావు? మనం పొలంలో వాడే ట్రాక్టరే బావా! చక్రాలు తీసి నాలుగు చోట్లా రబ్బరు పట్టాలు బిగించారంతే. వెనక ఇరవై అడుగులకి పైగా పొడుగున్న ఇనప చట్రం లాగుతోంది, దాన్ని వీళ్లు డ్రాగ్ అంటారు. ఐదారు గుంటకలు ఏటవాలుగా ఒకదాని వెనక ఒకటి కట్టి, చివర బరువైన చదును బల్ల తగిలిస్తే ఎలా ఉంటుందో అచ్చం అలా ఉంది. మొదటి బ్లేడు గట్టు తల నరికింది. పెళ్ల దొర్లుకుంటూ రెండో బ్లేడు కిందికి పోయి చితికింది, మూడోది దాన్ని అవతలి పక్కకి తోసి గుంట నింపింది. చివరి ఇనప పళ్లెం ఆ పొడినంతా అణిచేసి వెళ్లింది. నడక కంటే కాస్త జోరు, గంటకి పది కిలోమీటర్లుంటుందేమో. బండి పోయాక చేతితొడుగు తీసి బాట నొక్కి చూశాను, వేలు కణుపు దాకా దిగింది. తెల్లారి అదే చోట మడమతో తన్నాను. బాటకి ఏమీ కాలేదు, మడమ మాత్రం ఇంకా నొప్పి పెడుతోంది.

పొద్దున పెట్రోలు బంకులో కాఫీ దగ్గర ఆ ట్రాక్టరు తోలిన పెద్దాయనే కలిశాడు, రిటైరయిన మనిషి. అబ్బాయి తెలుగు చేసి చెబుతుంటే గంటసేపు కూర్చోబెట్టుకున్నాను. గట్ల తలలు గీకేసి ఆ పొడితో గుంటలు పూడిస్తే చూడ్డానికి బాగానే ఉంటుందట, కానీ యాభై బండ్లు పోగానే పొడి ఎగిరిపోయి పాత గతుకు పాత చోటే తేలుతుంది. గుంట అడుగు ఎంత లోతుందో అంత లోతూ కొయ్యాల్సిందే. తుంగ మీద గుంటక పైపైన తోలితే వారానికి మళ్లీ లేస్తుందని మీ నాన్న మనల్ని తిట్టేవాడే, అదే పాఠం.

రెండోది ఇంకా విచిత్రం. బ్లేడు కింద నలిగిన మంచు రేణువులు ఒకదానికొకటి అంటుకుని గట్టిపడటానికి టైము కావాలి. కనీసం రెండు గంటలు, వీలైతే ఆరు గంటలు పైనే ఆ బాట మీద బండి పడకూడదు. ఓ మోస్తరు చలి ఉంటే తొందరగా బిగుస్తుంది. పగలు ఎండా ఉంటుంది, జనమూ ఉంటారు, అందుకే పని రాత్రి పూట. మంచుకీ పదునుంది బావా! సున్నాకి కింద ఐదు నుంచి పదిహేను డిగ్రీల మధ్య దారికి వస్తుంది. సున్నా దగ్గరికొస్తే బ్లేడుకి అంటుకుంటుంది, మరీ చలైతే పొడిపొడిగా రాలిపోతుంది, అతకదు. రద్దీ వారాంతంలో వచ్చే కష్టమల్లా ఇదే. శనివారం అర్ధరాత్రి దాటినా బార్ల నుంచి బార్లకి తిరిగే గుంపులు ఆగవు. ట్రాక్టరు వెనకే పది బండ్లు పోతే ఆ రాత్రి డీజిలు మంచులో పోసినట్టే. యంత్రానికి పెట్టిన డబ్బు కంటే బాటకిచ్చిన విశ్రాంతే ఎక్కువ పని చేస్తుందని నాకు అనిపించింది. సోమవారం నుంచి గురువారం దాకా పరిచిన పొరలు గట్టిగా ఉంటేనే శనివారం తట్టుకుంటుంది. ఆదివారం సాయంత్రం బాట చూసి తిట్టుకునేవాళ్లు బుధవారం రాత్రి ట్రాక్టరు తోలినవాణ్ణి చూడరు.

ఇంకోటి చెబితే నువ్వు నమ్మవు. చలికాలం మొదట్లో చిత్తడి నేలల మీద మంచు పడితే కింద నేల గడ్డకట్టదట, మంచే కప్పి వెచ్చగా ఉంచుతుందట. అందుకని ముందుగా వెళ్లి ఆ మంచుని తొక్కి పలచన చేస్తారు, చలి బురదలోకి దిగి గట్టిపడాలని. ఆ తర్వాతే బాట పరిచేది.

ఈ ఖర్చెవడిదని అడుగుతావని నాకు తెలుసు. బాటెక్కే ప్రతి బండికీ ఏటా పర్మిట్ కొని స్టిక్కరు అంటించాలి. ఆ డబ్బు రాష్ట్ర సహజ వనరుల శాఖకి పోతుంది, అక్కడి నుంచి బాట చూసే క్లబ్బులకి గ్రాంటుగా వస్తుంది. బాటలు చాలా చోట్ల ప్రైవేటు భూముల గుండా పోతాయి, యజమాని ఒప్పుకుంటేనే. డిసెంబరు 1 నుంచి మార్చి 31 వరకే అనుమతి. ఎవడో కుర్రాడు బాట దిగి మొక్కల తోటలోకి తోలితే యజమాని కోపమొచ్చి గేటేస్తాడు. దాంతో మైళ్ల పొడవున బాట మళ్లీ వేసుకోవాలి. మన డొంకల గట్లు కలుపుకుని ముందుకి జరిగినవాళ్లు ఈ సంగతి వింటే నవ్వుతారు. సర్కారు డొంకే సగం చేల్లోకి పోయిన చోట, సొంత పొలంలోంచి దారి ఇచ్చేవాడి గురించి ఏం చెప్పను.

బండ్లు తోలే తీరు మాత్రం ముచ్చటగా ఉంది. గుంపులో ముందు పోయేవాడు ఎదురొచ్చేవాడికి వేళ్లు చూపిస్తాడు, నా వెనక ఇంకా ఇందరున్నారని. ఆఖరివాడు పిడికిలి చూపిస్తాడు. చిలకలూరిపేట హైవే మీద మిర్చి బస్తాల ట్రాక్టర్లు ఇలా చెప్పుకుంటూ పోతే ఎన్ని ప్రాణాలు దక్కేవో. ఇక్కడా ప్రమాదాలు లేకపోలేదు, రాత్రి పూట తాగి తోలేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

వానలు మొహం చాటేసినట్టు మంచు కూడా మొహం చాటేస్తుంది. 2023-24 చలికాలంలో ఈ చుట్టుపక్కల రాష్ట్రాలన్నిటా మంచు పలచగా పడింది. చాలా చోట్ల బాటలు తెరవనే లేదు, లాడ్జీల వాళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారు. కల్లంలో మిరపకాయలు ఆరబోసి మబ్బు కేసి చూసే మనమూ, మబ్బు రావాలని చూసే వీళ్లూ.

నువ్వు గుర్తొచ్చింది ఎందుకో చెబుతా. ఈ డ్రాగుకి తాత ఒకటుందని తెలిసింది. 1896లో మిజోరీ రాష్ట్రంలో వార్డ్ కింగ్ అనే రైతు, మట్టి రోడ్డు బాగుచెయ్యడానికి ఒక దుంగని నిలువునా రెండుగా చీల్చి, రెండు చీలికల్నీ కాస్త ఎడంగా కర్రలతో బిగించి, గుర్రాలతో లాగించాడు. వాన వెలిసి, రోడ్డు మరీ బురదా కాకుండా, మరీ ఎండిపోకుండా ఉన్నప్పుడు లాగాలి. గాళ్లు పూడతాయి, నడుమ కాస్త మెరక ఏర్పడి నీళ్లు పక్కకి జారతాయి. పదునులో చేసిన పని కాబట్టి ఎండాక గట్టిపడుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ 1908లో దాని మీద చిన్న పుస్తకం వేసి రైతులకి పంచింది. మన డొంకది నల్లరేగడి. వానాకాలంలో ట్రాక్టరు దిగబడుతుంది, దీపావళి తర్వాత ఆ గాళ్లే రాయిలా బిగిసి ఇరుసులు విరగ్గొడతాయి. ఆ రెంటికీ మధ్య నాలుగు రోజులు పదునుంటుంది, మనం ఆ నాలుగు రోజులూ చేలోనే గుంటక తోలుకుంటాం, డొంక ముఖం చూడం.

అబ్బాయి చేత ఆ దుంగల కొలతలు గీయించి నీ ఫోనుకి పంపిస్తున్నాను. తుమ్మ దుంగైతే నాలుగేళ్లు ఆగుతుంది, ముందు అంచుకి పాత రోటవేటరు పట్టీ ఒకటి బోల్టులతో బిగించు. లాగడానికి నీ ట్రాక్టరు చాలు. డొంక వెంట పొలాలున్నవాళ్లంతా తలా ఒక లీటరు డీజిలు పోస్తే సరిపోతుంది. ఎవరు పోస్తారు, ఎవరు ఎగ్గొడతారన్నది నీకు నాకంటే బాగా తెలుసు. మీ పెదనాన్న కొడుకుని మాత్రం ముందుగా అడుగు, తర్వాత అడిగితే నన్ను లెక్క చెయ్యలేదని అలుగుతాడు.

నీ
బావ