మూపు మీది మూట

మనుచరిత్ర పాఠం చెప్పేటప్పుడు ప్రతి సంవత్సరమూ నా పెదవుల మీదికి చిరునవ్వు తెప్పించే ఘట్టం ఒకటి ఉంది. అరుణాస్పదపురం నుండి ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపాన్ని కాళ్ళకు పూసుకొని హిమాలయానికి చేరుకుంటాడు. మంచునీటికి లేపం కరిగిపోతుంది. తిరిగి ఇల్లు చేరే దారి తెలియక ఆ విప్రుడు దిక్కులు చూస్తాడు. ఒక ఏడాది వెనుక బల్ల మీది విద్యార్థి లేచి, "మాస్టారూ, అంత మంచులో ఆయన ఏం కప్పుకున్నాడు?" అని అడిగాడు. తరగతి గొల్లుమంది. నాకు మాత్రం అది అల్లరి ప్రశ్నగా తోచలేదు. ప్రవరుని ప్రయాణ సామగ్రి అంతా ఒక్క లేపనం. బరువు లేదన్న మాటే గాని అది నీటికి నిలిచేది కాదు; పోతే దాని చోటు తీర్చేది మరొకటి ఆయన దగ్గర లేదు. చివరకు అగ్నిదేవుడు అనుగ్రహించాడు గనుక ఇల్లు చేరాడు. మనబోటి వారికి ఆ సౌకర్యం లేదు.

నేను పాఠం చెప్పే వృత్తిలో ఉన్నా, సెలవులు వస్తే అడవి దారి పట్టే అలవాటు చాలాకాలంగా ఉంది. మొదట నల్లమల, ఆ తరువాత హిమాలయం. కొన్నేళ్ళుగా పూర్వవిద్యార్థులు కొందరు నాతో వస్తున్నారు. బయలుదేరే ముందురోజు సాయంకాలం మా ఇంటి వసారాలో ఒక చాప పరచి, ఎవరి సామాను వారిని దాని మీద పేర్చమంటాను. మా వీధి చివరి కిరాణా దుకాణం నుండి కాటా అరువు తెస్తాను. ప్రతి వస్తువూ కాటా ఎక్కవలసిందే. పరీక్ష హాలులో కూడా నేను అంత కఠినంగా ఉండనని మా వాళ్ళ ఫిర్యాదు.

కాటా చెప్పే నిజాలు విచిత్రంగా ఉంటాయి. జీన్స్ ప్యాంటు ఒక్కటే ముప్పాతిక కిలో దాకా తూగుతుంది; తడిస్తే ఇంకా ఎక్కువ, పైగా ఒక పట్టాన ఆరదు. బొద్దుగా ఉండే స్నానపు తువ్వాలు పెట్టే చోట మన పల్లెల్లో భుజాన వేసుకొనే తుండుగుడ్డ చాలు. అది నాలుగో వంతు కూడా తూగదు. వీపు మీద ఆరవేసుకొని నడిస్తే గంటలో ఆరుతుంది. నిండు షాంపూ సీసా, స్టీలు క్యారేజీ, పౌడరు డబ్బా, "ఎందుకైనా మంచిది" అని పెట్టుకున్న నాలుగో చొక్కా ఒక్కొక్కటే చాప మీదనే ఉండిపోతాయి. ఆ "ఎందుకైనా మంచిది" అనే మాట కంటే బరువైన వస్తువు సంచిలో మరొకటి ఉండదని నా అభిప్రాయం. దూరపు కాలిబాటలు నడిచే అమెరికన్లు ఆహారమూ నీళ్ళూ ఇంధనమూ మినహాయించి, మిగిలిన సామాను 9 కిలోలకు మించకపోతే తేలిక మూట అంటారు. నాలుగున్నర కిలోలకు లోబడితే అతి తేలిక అంటారు. వారిలో పళ్ళు తోముకొనే బ్రష్షు పిడిని కోసి పారేసేవారు కూడా ఉన్నారు! దానివల్ల మిగిలేది ఏ నాలుగైదు గ్రాములో. ఒక గుక్కెడు నీళ్ళు అంతకు ఎక్కువ తూగుతాయి. మా లెక్క సామాన్యమైనది: అన్నీ కలుపుకొని మూట మనిషి బరువులో అయిదో వంతు దాటకూడదు. 50 కిలోల మనిషికి 10 కిలోలు.

అసలు బరువు చిన్న వస్తువుల్లో కంటే మూడు పెద్ద వస్తువుల్లో ఉంటుంది. అవి గుడారం, స్లీపింగ్ బ్యాగ్, వాటిని మోసే సంచి. చాలామంది మొదట పెద్ద సంచి కొంటారు. ఖాళీ చోటు చూస్తే మనస్సు ఊరుకోదు గనుక దాన్ని నింపుతారు. సంచి చివర కొనవలసిన వస్తువు. లోపలికి వెళ్ళేవి నిర్ణయమైన తరువాత వాటికి సరిపడే సంచిని వెతుక్కోవాలి. ఇక స్లీపింగ్ బ్యాగ్ సంగతి. బాతుల రొమ్ము నూగుతో నింపినవి చాలా తేలిక. నొక్కితే గుప్పెడవుతాయి, విప్పితే పొంగి వెచ్చదనాన్ని పట్టి ఉంచుతాయి. కాని తడిస్తే ఆ నూగు ముద్ద కట్టి, పొంగు పోయి, వెచ్చదనం చాలావరకు తరిగిపోతుంది. కృత్రిమ నూలు నింపినవి కొంత బరువు, ధర తక్కువ, తడిసినా పూర్తిగా మోసం చేయవు. మంచుకాలపు పొడి చలిలో మొదటిది మేలు. వానలు కురిసే చోట రెండవది. ఈ తేడా తెలియకుండా ఎంత ఖరీదు పెట్టి కొన్నా అది పాదలేపమే అవుతుంది.

ఖరీదు మాట వచ్చింది గనుక ఒక ముసలమ్మను తలచుకోవాలి. అమెరికా తూర్పు కొండల మీదుగా అపలాచియన్ కాలిబాట అని సుమారు 3,500 కిలోమీటర్ల దారి ఒకటి ఉంది. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ళ స్త్రీ ఒంటరిగా ఆ దారి మొత్తం ఒకే విడతలో నడిచింది. ఒహాయో రాష్ట్రపు రైతుకుటుంబీకురాలు, 11 మంది బిడ్డల తల్లి. గుడారం లేదు, స్లీపింగ్ బ్యాగ్ లేదు. తానే కుట్టుకున్న గుడ్డసంచిలో ఒక కంబళి, వాన వస్తే కప్పుకోవడానికి స్నానాలగదికి కట్టే ప్లాస్టిక్ తెర, కాళ్ళకు కాన్వాసు బూట్లు. వినడానికి పురాణగాథలా ఉంటుంది. అంతకు ముందు ఏడాది, 1954లో, ఆమె మెయిన్ రాష్ట్రపు అడవుల్లో దారి తప్పింది, కళ్ళజోడు పగిలింది, వెనుదిరిగి రావలసి వచ్చింది. ఆమె గాథ చెప్పే చాలామంది ఈ సంగతి చెప్పరు. కళ్ళజోడు పెట్టుకొనే వారెవరైనా నాతో వస్తే, రెండో జోడు సంచిలో ఉన్నదా అని ఇందుకే అడుగుతాను. మరొక సంగతి, ఆమెకు ఏ ఆకు తినదగినదో తెలుసు. దారి పొడుగునా ఇళ్ళ తలుపులు తట్టి అన్నమూ ఆశ్రయమూ అడిగే చొరవ ఉంది. ఆమె మూట తేలిక కావడంలో ఆ తెలివికీ ఆ తలుపులకూ భాగం ఉంది.

ఇదే ధోరణి మన నల్లమలలోనూ కనిపిస్తుంది. ఉగాదికి ముందు కన్నడదేశపు భక్తులు వేలాదిగా ఆత్మకూరు వైపు వెంకటాపురం నుండి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా కైలాసద్వారం ఎక్కి శ్రీశైలం చేరుకుంటారు. పులుల అభయారణ్యం గనుక మిగిలిన రోజుల్లో అటవీశాఖ అనుమతి లేనిదే ఆ దారిన పోరాదు. ఆ భక్తుల భుజాన ఒక గుడ్డసంచి, అందులో కడక్ జొన్నరొట్టెలు, వేరుసెనగ చట్నీపొడి. ఆ రొట్టె అప్పడంలా పెళపెళలాడుతుంది, వారాల తరబడి నిలవ ఉంటుంది. ఆహారంలో బరువుగా ఉండేది నీరే అని, దాన్ని ఇంట్లోనే పొయ్యి మీద తీసివేసి బయలుదేరవచ్చునని ఆ ఇల్లాళ్ళకు ఏ పుస్తకమూ చెప్పలేదు. మన అటుకులు, పేలాలపిండి, బెల్లం, వేయించిన వేరుసెనగలు కూడా ఆ కోవలోవే. వేరుసెనగల్లో నూనె ఉండటంవల్ల అదే బరువుకు బియ్యం కంటే ఎక్కువ శక్తి వస్తుంది. అయితే ఉగాది యాత్రలో దారిలో నీళ్ళు పోసేవారు, అన్నం పెట్టేవారు ఉంటారు. వారు లేని రోజున, ఎండలు ముదిరిన ఆ కొండల్లో నీటిని తేలిక చేసుకోవాలనుకోవడం అవివేకం. లీటరు నీళ్ళు కిలో తూగుతాయి. ఆ కిలోను మారు మాట లేకుండా మోయవలసిందే.

2017 మే నెలలో ఉత్తరాఖండ్‌లోని హర్ కీ దూన్ లోయకు వెళ్ళాము. సాంక్రీ నుండి తాలూకా, ఒస్లా మీదుగా నడక. ఎదురుగా స్వర్గారోహిణి శిఖరం. పాండవులు స్వర్గానికి వెళ్ళిన దారి ఇదేనని అక్కడివారి నమ్మకం. మా నియమాలలో ఒకటి ఏమిటంటే, ఎవరికి వారు ఉన్ని బనియను, పైజమా, మేజోళ్ళు, మంకీ క్యాప్ రెండు పాలిథిన్ కవర్లలో చుట్టి సంచి అడుగున పెట్టుకోవాలి. రాత్రి బసలో తప్ప దాన్ని ముట్టరాదు. నడకలో ఎంత చలివేసినా ఆ పొట్లం విప్పకూడదు. మావాటి సగటు తూకం 650 గ్రాములు. "అన్నీ తీసివేయమన్నారు, పనికిరాని దీన్ని మాత్రం మోయమంటున్నారు" అని ఒక పొడగరి రెండు రోజులు నాతో వాదించాడు. అతని స్నేహితుడు వాదించలేదు. చెప్పకుండా తన పొట్లాన్ని మూడోనాటి ఉదయం ఒస్లాలోనే వదిలి వచ్చాడు.

ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది. వడగళ్ళతో వాన. సాంక్రీ కంటే సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉంటుంది ఆ లోయ; వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల లెక్కన అక్కడికంటే పది డిగ్రీల చలి ఎక్కువ. ఆ కుర్రవాడి పలుచని వానకోటు ఏదో కొమ్మకు తగిలి చిరిగిపోయింది. లోపల నూలు చొక్కా, జీన్స్. అరగంటలో అతని మాటలు తగ్గాయి. చదునైన చోట తడబడ్డాడు. బొత్తాం పెట్టుకోబోతే వేళ్ళు లొంగలేదు. "బాగానే ఉన్నాను మాస్టారూ" అంటున్నాడు గాని నాలుక మందగించింది. తడిబట్ట ఒంటి వేడిని గాలికంటే ఎన్నోరెట్లు త్వరగా లాగివేస్తుంది. శరీరపు వేడి 37 డిగ్రీల నుండి 35కు దిగితే మనిషికి తన స్థితి తనకే తెలియకుండా పోతుంది.

వెంట ఉన్న స్థానిక మార్గదర్శి ఒక బండ చాటున ప్లాస్టిక్ పట్టా కట్టాడు. పొడగరి మాట్లాడకుండా తన సంచి అడుగు నుండి పొట్లం తీసి ముడి విప్పాడు. తడిబట్టలు తీసివేసి, ఒళ్ళు అద్ది, పొడి ఉన్ని తొడిగి, కింద చాప వేసి, స్లీపింగ్ బ్యాగులో దూర్చాము. చేతులూ కాళ్ళూ రుద్దబోయిన వారిని వారించాను, అలాంటప్పుడు రుద్దరాదు. మింగగలడని రూఢి చేసుకొని బెల్లం కలిపిన వేడినీళ్ళు కొద్దికొద్దిగా పట్టించాము. వణుకు తగ్గి, మాట స్పష్టం కావడానికి గంట పైగా పట్టింది. "నా పొట్లం ఒస్లాలో ఉంది" అన్నది అతని మొదటి మాట. పొడగరి నవ్వాడు గాని అతని కళ్ళలో నీళ్ళున్నాయి. ఆనాడు మేము హర్ కీ దూన్ చూడలేదు. వెనక్కు దిగిపోయాము.

ఆ దారిలో మూటలను కంచరగాడిదల మీద వేసి చేతులూపుకొంటూ నడిచేవారు చాలామంది కనిపిస్తారు. వృద్ధులకూ అస్వస్థులకూ అది తప్పదు. కాని ఇరవై ఏళ్ళ కుర్రవాడు 18 కిలోల సంచిని దాని మీద వేయించి, తన చేతి వాచీలో అడుగులు లెక్కపెట్టుకొంటూ "తేలికగా నడుస్తున్నాను" అంటే ఒప్పుకోవడానికి నాకు మనస్కరించదు. బరువు తగ్గలేదు, వీపు మారింది.

మహాప్రస్థానంలో పాండవులు రాజ్యం విడిచారు, నారచీరలు కట్టారు. అర్జునుడు మాత్రం గాండీవాన్ని విడవలేక వెంట తెచ్చుకుంటాడు. అగ్నిదేవుడు ఎదురు వచ్చి అడిగిన తరువాతనే దాన్ని నీటిలో విడుస్తాడు. కాటా దగ్గర నేను ఈ కథ చెప్పినప్పుడల్లా మా వాళ్ళ చూపు నా సంచి వైపు పోతుంది. కిందటిసారి నా సామాను 6 కిలోల 400 గ్రాములు తూగింది. అందులో 210 గ్రాములు అట్ట ఊడిన ఒక చిన్న పద్యకావ్యం. "ఇది ఏ పద్దు కింద రాసుకోమంటారు మాస్టారూ?" అని పొడగరి పెన్సిలు పట్టుకొని అడిగాడు. ఆహారం కింద రాసుకొమ్మన్నాను. అతను ఒప్పుకోలేదు, కాగితం మీద ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.